కొక్కెం కింద మనుషులు

ఏప్రిల్ 7

ఈ అన్యాయం చేసింది మా పైపుల యార్డు మేనేజరు. ఇంకెవరూ కాదు. కోపం చల్లారాక నాకే జాలి పుట్టి "పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు" అనుకోకుండా ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.

ఇవాళ అక్కను క్రేన్ ఎక్కనివ్వలేదు. మెడలో గడ్డకి థైరాయిడ్ తీసేసే ఆపరేషన్ అయ్యింది, సెలవు అయిపోయింది, మెడకి స్కార్ఫు చుట్టుకుని, చేతి తొడుగులు జేబులో దోపుకుని పనిలోకి వచ్చింది. నిచ్చెన మొదట్లోనే మేనేజరు నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో గ్రంథుల డాక్టరమ్మ ఇచ్చిన కాగితం. కాల్షియం కొరత శాశ్వతంగా ఉండిపోయే అవకాశం ఉంది, చేతులు పట్టేసే ప్రమాదం లేదని తేలేదాకా ఎత్తు మీద పని వద్దు అని రాసిందావిడ.

"నీ చేతులు బిగుసుకుపోతాయటమ్మా," అన్నాడు.

"పోతాయని లేదు సార్. పోవచ్చు అని ఉంది."

"పోవచ్చు అంటే చాలు నాకు."

పోవచ్చు! రేపు దొంగతనం చేయవచ్చు అని ఇవాళ మనిషిని జైల్లో వేస్తారా? ఈ ప్రపంచంలో బీదవాళ్ళకి మాత్రమే ఊహల మీద శిక్ష పడుతుంది. డబ్బున్నవాడికి రుజువు కావాలి. ఈ వాక్యం బాగుంది, కరపత్రంలో వాడాలి.

అక్క తొడుగులు జేబులోంచి తీసి, మళ్ళీ పెట్టుకుని, సామాను గదిలో బోల్టులు వేరు చేసే పనికి వెళ్ళింది. తొమ్మిదేళ్ళు ఆ క్యాబిన్‌లో కూర్చున్న మనిషి. ఆమె పైనుంటే కింద చేతులతో సైగలు చేసేది నేను. నేను అరచెయ్యి కాస్త వంచితే చాలు, ఇంటి పైకప్పంత ఇనుము నెమ్మదిగా కదిలేది. ఇవాళ పైన వేరేవాడు. నా సైగలు వాడికి రెండుసార్లు చెప్పాలి.

ఏప్రిల్ 8

బావకి చెప్పాను. బావ బేకరీలో పని. పిండి అంటిన చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు.

"సరేలే. కిందే ఉంటుంది. కిందుంటే నాకు నిద్ర పడుతుంది," అన్నాడు.

బావతో పోరాటాలు చేయలేం.

ఏప్రిల్ 12

అక్కతో ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరమ్మను కడిగేద్దామని వెళ్ళాను.

ఆవిడ అక్క చెవి ముందు, చెంప మీద, వేలితో మెల్లగా తట్టింది. అక్క పెదవి చివర టక్కున పైకి లాగింది. మళ్ళీ తట్టింది. మళ్ళీ లాగింది. అక్క నవ్వడం లేదు, పెదవి మాత్రం నవ్వుతున్నట్టు ఉంది.

"ఏం చేస్తున్నారు మా అక్కని?" అన్నాను.

"కాల్షియం తక్కువైతే నరాలు ఇలా ఉలిక్కిపడతాయి," అంది ఆవిడ. "కూర్చో బాబూ."

కూర్చోలేదు. నిలబడే విన్నాను. థైరాయిడ్ వెనక నాలుగు చిన్న గ్రంథులు ఉంటాయట, ఒక్కొక్కటి బియ్యపు గింజంత. రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో అవే చూసుకుంటాయట. ఆపరేషన్‌లో వాటికి రక్తం సరిగ్గా అందక సొమ్మసిల్లుతాయట. చాలామందికి కొన్ని వారాల్లో తేరుకుంటాయట.

"మరి మా అక్కకి?"

"మీ అక్కకి రెండు ఉన్నచోటే ఉన్నాయి. ఒకటి థైరాయిడ్‌కి అతుక్కుని బయటికి వచ్చేసింది, దాన్ని ముక్కలు చేసి మెడ కండలో నాటారు. నాలుగోది సర్జన్ గారికి కనబడలేదు. మర్నాడు పొద్దున చేసిన పరీక్షలో ఆ గ్రంథుల హార్మోన్ దాదాపు లేదు. నెల తర్వాత కూడా పెద్దగా పెరగలేదు. ఇవన్నీ కలిపి చూస్తే, ఇది ఉండిపోయే లక్షణాలే ఎక్కువ."

"లక్షణాలంటే ఊహేగా?"

"ఊహే. మబ్బు చూసి వాన అన్నట్టు. ఆరు నెలలకి కూడా రాకపోతే అప్పుడు శాశ్వతం అంటాం. ఏడాదికి తేరుకున్నవాళ్ళు కూడా ఉన్నారు నా దగ్గర."

"మీ ఊహ వల్ల మా అక్క నోటి దగ్గర కూడు పోయేలా ఉంది."

"కూడు తీసేయమని నేను రాయలేదు. ఎత్తు మీద పని ఇప్పుడే వద్దని రాశాను."

మేనేజరుకి ఈ రెండూ ఒకటే అని ఆవిడకు ఎలా చెప్పను? చెప్పాను. గట్టిగానే చెప్పాను. బయట బెంచీల మీద వాళ్ళు తలుపు వైపు చూశారట. అక్క నా చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది.

"ఒరేయ్, ఆవిడ నాకు వైద్యం చేస్తోంది. నువ్వు ఆవిడకి చేయకు."

తిరిగి వస్తూ అక్క బస్సులో చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది. నేనూ వాటినే చూశాను. తర్వాత టికెట్లు కొట్టేవాడి చేతులు చూశాను. తర్వాత నావి.

ఏప్రిల్ 20

బావ జోకు: "నాలుగు బియ్యపు గింజల మీద మన సంసారం నడుస్తోందని తెలిస్తే అప్పుడే ఒక బస్తా కొని పెట్టేవాణ్ణి." అక్క నవ్వింది. ఆపరేషన్ తర్వాత మొదటిసారి.

మే 3

ఆస్పత్రి వాళ్ళ చిన్న పుస్తకం, కార్మిక సంఘం వాళ్ళ కరపత్రాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. సంఘం కరపత్రంలో ఉంది: యజమాని మన శరీరాన్ని యంత్రంలా లెక్కేస్తాడు, చెడిపోకముందే పారేస్తాడు. ఇది మా మేనేజరును చూసి రాసినట్టుంది. ఆస్పత్రి పుస్తకంలో: పెదవుల చుట్టూ తిమ్మిరి, వేళ్ళ చివర చీమలు పాకినట్టు ఉండటం, కండరాలు పట్టేయడం. కాల్షియం మాత్రలు భోజనంతో, గ్లాసు నిండా నీళ్ళతో. థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకోకూడదు.

చదివినంత సేపూ నా పెదవులు కూడా తిమ్మిరెక్కాయి. భయం ఇంత వెర్రిదని తెలియదు.

మే 9

చలి వల్ల.

పొద్దున కుళాయి దగ్గర అక్క గిన్నెలు కడుగుతోంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. గిన్నె కింద పడిన చప్పుడుకి చూశాను. కుడి చెయ్యి... బొటనవేలు లోపలికి వెళ్ళింది, మిగతా వేళ్ళు నిటారుగా దానిమీదికి చేరాయి. పక్షి ముక్కులాగా. అక్క ఎడమ చేత్తో వాటిని విడదీస్తోంది, అవి విడిపోవడం లేదు. నన్ను చూసి చెయ్యి చీర కొంగులో దాచుకుంది.

"చలికి," అంది.

"చలికే," అన్నాను.

లోపలికి వెళ్ళి మాత్ర వేసుకుని వచ్చింది. కాసేపటికి చెయ్యి మామూలు చెయ్యే. గిన్నెలు మిగతావి నేను కడిగాను. నీళ్ళు అంత చల్లగా ఏమీ లేవు. కొంచెం చల్లగా ఉన్నాయి.

మే 10

మేనేజరు తలవంచక తప్పదు. ఇవాళ నుంచి నా కరపత్రం పట్టుకుని ఒక్కొక్కరినే కలుస్తున్నాను. డిమాండు ఒక్కటే: అక్కను క్రేన్ మీదికి పంపి చూడాలి. చూడకుండా తీసేయకూడదు. ఎంత న్యాయమైన మాట! మేనేజరు కాగితాన్ని చూశాడు, మనిషిని చూడలేదు.

యార్డులో అందరూ నన్ను "కరపత్రం" అంటారు. ముందు వెక్కిరింపుకే అనేవాళ్ళు. ఇవాళ పైపులు మోసేవాళ్ళలో ఒకతను, "ఏరా కరపత్రం, ఈసారి నువ్వు రాసింది నాకు అర్థమైంది, ఆరోగ్యం బాగానే ఉందా?" అన్నాడు. అయినా వస్తానన్నాడు. అక్క అంటే అందరికీ ఇష్టం. తొమ్మిదేళ్ళలో ఎవరి కాలి వేలు కూడా నలగలేదు ఆమె చేతిలో.

మే 15

బాబాయి దగ్గరికి వెళ్ళాను. సొంత బాబాయి కాదు, పైపుల కట్టలకి గొలుసులు కట్టి కొక్కేనికి తగిలించేది ఆయనే కాబట్టి యార్డంతటికీ బాబాయి. ఆయన వస్తే మిగతావాళ్ళు వస్తారు.

టీ గ్లాసు ఊదుకుంటూ అంతా విన్నాడు.

"వస్తాను రా. ముందు వరసలో నిలబడి అరుస్తాను. నా గొంతు నీకు తెలుసుగా. ఒక్క సంగతి చెప్పు. ఆ అమ్మాయి చెయ్యి బాగుందా?"

"బాగుంది."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"సరే అయితే."

అబద్ధం కాదు. చూశాను. చివర్లో చూసినప్పుడు బాగానే ఉంది. చలికి ఎవరి చేతులైనా కొయ్యబారతాయి. బాబాయి కొక్కెం కింద నిలబడే మనిషి, ఆయనకు ఆ అనుమానం రావడం సహజం. యజమానులు పెట్టే భయాలే ఇవి, మనవాళ్ళ బుర్రల్లోకి కూడా ఎక్కాయి.

మే 28

చలి కాలం కాదు. అది గుర్తొచ్చింది ఇవాళ.

జూన్ 2

గెలిచాం!

నలభై మందికి పైగా వెళ్ళాం మేనేజరు గది ముందుకి. బాబాయి అరిచాడు, నేను మాట్లాడాను. మేనేజరు కిటికీలోంచి చూసి, బయటికి వచ్చి, "మీకంత నమ్మకం ఉంటే నాదేముంది. వచ్చే సోమవారం ఒక్క లోడు ఎత్తమనండి. చూద్దాం," అన్నాడు. ఆయన అంత త్వరగా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. అయినా గెలుపు గెలుపే.

ఇంటికి వచ్చి చెప్పాను. అక్క మొహంలో వెలుగు. నిజంగా. లేచి పెట్టెలోంచి చేతి తొడుగులు తీసి, వేసుకుని, వేళ్ళు మూసి తెరిచి చూసుకుంది. వెంటనే ఆ వెలుగు కొంచెం తగ్గింది.

"నిన్ను ఎవరడిగారు రా?" అంది.

"న్యాయం అడిగింది."

"దానికి నా ఇంటి అడ్రసు ఇచ్చింది నువ్వేగా," అంది, నవ్వుతాడేమోనని బావ వైపు చూస్తూ. బావ నవ్వలేదు.

జూన్ 8

రేపే. తినలేకపోయాను. ఎందుకు భయం? ఏమీ లేదు. ఒక్క లోడు.

జూన్ 9

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

పొద్దున బావ గ్లాసు నిండా నీళ్ళు, మాత్ర అరచేతిలో పెట్టుకుని అక్క ముందు నిలబడ్డాడు. "తర్వాత," అంది అక్క. పైకి ఎక్కే రోజు అక్క నీళ్ళు తాగదు. క్రేన్ ఎక్కేవాళ్ళు ఎవరూ తాగరు. ఒకసారి పైకి వెళ్ళాక ఒంటికి వచ్చిందని దిగి రావాలంటే నిచ్చెన అంతా దిగాలి, మళ్ళీ ఎక్కాలి, కింద పని ఆగి అందరూ పైకి చూస్తూ ఉంటారు. ఆడమనిషి అయితే ఇంకా చూస్తారు. అందుకని నోరెండబెట్టుకునే ఎక్కుతారు. మామూలే. నాకూ మామూలుగానే అనిపించింది. మాత్ర బల్ల మీదే ఉండిపోయింది.

అక్క నిచ్చెన ఎక్కుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేను నా చోట నిలబడ్డాను. బాబాయి పైపుల కట్టకి గొలుసు బిగించి పక్కకి జరిగాడు. నేను చెయ్యి పైకి తిప్పాను. కట్ట లేచింది. దూదిలా లేచింది, ఒక్క కుదుపు లేదు. వెనక నుంచి ఎవరో "అదీ!" అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కట్ట పట్టాల మీదుగా అవతలి పైపుల దొంతర వైపు కదిలింది. అక్కడ దించుకోవడానికి బాబాయి ముందుగానే వెళ్ళి నిలబడ్డాడు. నేను రెండు చేతులూ పక్కలకి చాపాను. ఆగు. ఆగలేదు. మళ్ళీ చాపాను. కట్ట అదే వేగంతో వస్తూనే ఉంది. నా సైగ కనబడలేదేమో అనుకున్నాను, ఎగిరాను, అరిచాను. క్యాబిన్ గాజులో అక్క నన్నే చూస్తోంది. చూస్తోంది. సైగ అందింది ఆమెకి. చేతికి అందలేదు.

బాబాయి తల ఎత్తాడు. వెనక్కి అడుగు వేశాడు, దొంతర తగిలింది.

అప్పుడు క్రేన్ మొత్తం గట్టి కుదుపుతో ఆగింది. క్రేన్ ఉన్నపళంగా ఆపేసే ఎర్ర మీటను ఎడమ చేత్తో కొట్టిందట. కట్ట ఊయలలా ముందుకి ఊగింది, ఒక కొన కిందికి వంగింది, గొలుసు కీచుమంది. బాబాయి రెండు దొంతరల మధ్య సందులో పడ్డాడు. పైపులు ఆయన మీదుగా ఊగి, వెనక్కి వచ్చి, మళ్ళీ ఊగి, నిలబడ్డాయి.

మోచెయ్యి చీరుకుపోయింది. అంతే.

అక్క చాలాసేపటికి గానీ దిగలేదు. ఒక్క చేత్తో దిగింది. కుడి చెయ్యి చంకలో దాచుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

జూన్ 10

నిన్న గాలి బలంగా ఉంది.

జూన్ 12

నిన్న కాదు, మొన్న కాదు, సోమవారం నాడు గాలి లేదు. యార్డు జెండా కర్రకి అంటుకునే ఉంది.

జూన్ 13

దొరికింది! మాత్ర! ఆ పొద్దున మాత్ర వేసుకోలేదు అక్క. బల్ల మీదే ఉంది. వేసుకుని ఉంటే ఏమీ అయ్యేది కాదు. అంటే తప్పు గ్రంథులది కాదు, నీళ్ళు తాగనివ్వని పని పద్ధతిది. పరుగెత్తుకుంటూ వెళ్ళి అక్కకి చెప్పాను. ఇంకో అవకాశం అడుగుదాం, ఈసారి మాత్ర వేసుకుని ఎక్కు, నేను మాట్లాడతాను, మళ్ళీ అందరినీ...

అక్క కూరగాయలు తరుగుతోంది. కత్తి పక్కన పెట్టింది.

"ఒరేయ్, ఇటు చూడు. ఒక్క మాత్ర వేసుకోకపోతే మనుషుల మీదికి ఇనుము తోలే చెయ్యి ఇది. ఇప్పుడు ఇది పైన ఉండకూడదు."

"అది మేనేజరు మాట!"

"మేనేజరు కంటే ముందు నాకు తెలుసు. కుళాయి దగ్గర నీకూ తెలుసు."

నేల మీద పడిన ముక్క తీసి గిన్నెలో వేశాను.

"నేనెందుకు ఎక్కానో అడగవా? ఎక్కాలనిపించింది రా. అంతే. పైనుంచి చూస్తే గడ్డ లేదు, ఆపరేషన్ లేదు, ఏమీ లేదు. చప్పట్లు కొట్టారు కూడా." కత్తి మళ్ళీ అందుకుంది, కానీ తరగలేదు. "లీవర్ మీద చెయ్యి ఇలా మూసుకుపోయింది. తెరవమంటాను, తెరవదు. నా చెయ్యే. బాబాయి టోపీ కనబడుతోంది నాకు పైనుంచి. టోపీ ఒక్కటే."

బావ తలుపు దగ్గర నిలబడి విన్నాడు. వచ్చి కత్తి తీసుకుని, మిగతావి తనే తరిగాడు. ముక్కలు ఒక్కటీ సమానంగా లేవు.

జూన్ 16

మేనేజరు పిలిచాడు. అక్కతో నేనూ వెళ్ళాను.

"చూశాంగా అందరం. డాక్టరమ్మ చెప్పిందే జరిగింది. ఈ నెలాఖరుతో సరి. నీ మంచికేనమ్మా."

"సామాను గదిలో ఉంటాను సార్. కొత్తవాళ్ళకి నేర్పిస్తాను. ఆరు నెలల పరీక్ష ఆగస్టు చివర్లో ఉంది. అప్పటిదాకా ఉంచండి," అంది అక్క.

"అప్పుడు కూడా బాగుపడదనేగా ఆవిడ రాసింది?"

"బాగుపడకపోవచ్చని రాసింది."

"అదేగా నేను చెప్పేది."

క్రేన్ మీద పరీక్ష పెట్టమన్నది మేము. పెట్టించింది నేను. ఇప్పుడు ఆయనకి డాక్టరమ్మ కాగితం అక్కర్లేదు. నలభై మంది సాక్షులున్నారు, వాళ్ళను పోగు చేసి ఇచ్చింది నేనే.

ఆయన గది బయటికి వచ్చాక అక్క గోడకి ఆనుకుని, పెదవుల మీద వేళ్ళతో రుద్దుకుంది. తిమ్మిరా అని అడగలేదు. అడగాలంటే భయం. ఆగస్టు అంటే భయం. ఆ పరీక్ష రాకూడదని ఉంది, రేపే రావాలని ఉంది. డాక్టరమ్మ ఊహ తప్పవ్వాలని కోరుకోని గంట లేదు. నిజమైతే ఈ మాత్రలు, ఈ చెంప తట్టడాలు, ఈ చేతులు చూసుకుంటూ కూర్చోవడం బతికినంతకాలం. అయినా మనిషే కదా, ఎక్కడో ఒకచోట నిలబడి పని చేయాలి కదా.

జూన్ 17

బాబాయి ఇంటికి వెళ్ళాను. మోచేతికి కట్టు. స్టూలు చూపించాడు. కూర్చోకుండానే చెప్పేశాను, కుళాయి సంగతి, గిన్నె సంగతి, అన్నీ.

"నాకు తెలుసు," అన్నాడు.

"తెలుసా?"

"చూశానని నువ్వన్నప్పుడు నా మొహం చూడలేదు. టీ గ్లాసు చూశావు."

"మరి ఎందుకు నిలబడ్డావు బాబాయ్, ఆ కట్ట కింద?"

"సరిగ్గా కింద నిలబడలేదు రా, పక్కన నిలబడ్డాను. అదే నా మీదికి వచ్చింది." కట్టు సర్దుకున్నాడు. "తొమ్మిదేళ్ళు ఆ అమ్మాయి నా నెత్తి మీద ఇనుము ఊపింది. ఒక్క పూట నిలబడకపోతే ఎలా అని అనిపించింది. పిచ్చిపని. మళ్ళీ చెయ్యను. నువ్వూ చేయించకు."

బాబాయి వాళ్ళావిడ లోపలినుంచి, "వాణ్ణి కొట్టావా లేదా?" అని కేకేసింది.

"కొట్టడానికి మోచెయ్యి వంగట్లేదే," అన్నాడు ఈయన. తర్వాత నాతో, "ఆమెను పైకి ఎక్కించమంటే నేను రాను. ఆమెను గేటు బయటికి తోయొద్దంటే వస్తాను. మిగతావాళ్ళూ వస్తారు. కాకపోతే ఈసారి నీ కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాయి," అన్నాడు.

జూన్ 18

ముందు రాసింది చింపేశాను. అందులో "విప్లవం" మూడుసార్లు వచ్చింది. అక్క చదివి, "ఇందులో నేనెక్కడున్నాను రా?" అంది. "నాకు భయంగా ఉందని రాయి. ధైర్యం గురించి నువ్వు రాసినవి ఎవరూ చదవలేదు."

అచ్చుకి ఇచ్చేది ఇదే, ఇక్కడ ముందు రాసుకుంటున్నాను:

తోటి పనివాళ్ళకి. పోయిన వారం సోమవారం క్రేన్ మీద మా అక్క చెయ్యి పట్టేసింది. గాలి కాదు, యంత్రం లోపం కాదు. బాబాయి చచ్చిపోయేవాడు. అంతకుముందే ఒకసారి ఆ చెయ్యి అలా అవడం నేను చూశాను, చూసీ మీకు చెప్పలేదు, మిమ్మల్ని కొక్కెం కింద నిలబెట్టాను. ఆపరేషన్‌లో ఆమె మెడలోని చిన్న గ్రంథులు దెబ్బతిన్నాయి. అవి లేస్తాయో లేవో డాక్టర్లకి కూడా ఇంకా తెలియదు. లేవకపోవచ్చు అంటున్నారు. ఆమెను క్రేన్ ఎక్కించమని అడగడం లేదు, ఆమే ఎక్కనంటోంది. అడిగేవి రెండే. జవాబు తెలిసేదాకా, ఆ జవాబు ఏదైనా సరే, ఆమెకు నేల మీద పని ఉండాలి. పైన కూర్చునే ప్రతి మనిషీ దిగి, నీళ్ళు తాగి, మందు వేసుకుని రావడానికి కింద ఇంకో మనిషి సిద్ధంగా ఉండాలి. ఆమెకు భయంగా ఉంది. నాకూ భయంగా ఉంది. నా మాట మీద ఒకసారి వచ్చారు, మళ్ళీ రమ్మని అడిగే మొహం నాకు లేదు, అయినా అడుగుతున్నాను. రేపు పొద్దున ఏడింటికి, షిఫ్టు మొదలవకముందే, యార్డు గేటు దగ్గర. అక్క ముందుగానే వచ్చి నిలబడి ఉంటుంది. ఆమెను ఒంటరిగా నిలబెట్టకండి. ఏడింటికి రండి.